భూతద్దం తనిఖీ

తలుపు తెరుచుకోగానే భూతద్దానికి అనుమానం వచ్చేసింది.

నిజానికి తెరుచుకోకముందే వచ్చింది. మెట్లెక్కుతుంటే లోపల్నుంచి నవ్వులు వినబడ్డాయి. బెల్ కొట్టగానే టక్కున ఆగిపోయాయి. ఆ వెంటనే మంచం కిర్రుమంది.

క్యాన్సర్ ఉన్న ఇంట్లో నవ్వులేంటి?

క్యాన్సర్ రోగుల కుటుంబాలకి సాయం చేసే ట్రస్టులో అతను వెరిఫికేషన్ ఆఫీసర్. దరఖాస్తు పెట్టినవాళ్ళ ఇంటికెళ్ళి, కళ్ళారా చూసి, నిజమో కాదో రాయడం అతని పని. ఆఫీసులో అందరూ భూతద్దం అంటారు. ఆ పేరంటే లోలోపల భలే ఇష్టం. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అని ఎవరైనా అంటే, ‘ఈశ్వరుడి వల్ల కాకపోతే ఆ ఫైలు నాకు పంపమనండి’ అంటాడు.

పోయినేడాది మాత్రం ఆ జోకు వెయ్యలేకపోయాడు. ఎవడో జిరాక్స్ షాపులో పుట్టించిన రిపోర్టులు చూపించి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, సాయం పట్టుకుపోయాడు. వరసలో వాడి తర్వాత ఉన్న చిన్నపిల్లకి డబ్బు అందేసరికి ఆలస్యమైపోయింది. అప్పట్నుంచీ అతను ఎవరి కళ్ళనీళ్ళూ నమ్మడం లేదు.

“రండి సార్, రండి! ఫ్యాన్ కింద కూర్చోండి. టీ పెట్టనా? చక్కెర ఎంత?”

తలుపు తీసినావిడ ఒక్క గుక్కలో అడిగేసింది. బూరెల్లాంటి బుగ్గలు, వాటి మీద ఎరుపు. తలంటుకున్నట్టు తలకి తువ్వాలు. నోట్లో ఏదో నములుతూనే ఉంది. భూతద్దం మనసులోనే ఆవిడకి బొద్దమ్మ అని పేరు పెట్టేశాడు.

వెనకాలే ఇంటాయన వచ్చాడు. బైకు మెకానిక్. ఎంత కడిగినా గోళ్ళల్లో గ్రీజు అలాగే ఉంది.

“సోమవారం ఇంజెక్షన్ సార్. ముందు కడితేనే వేస్తామంటున్నారు. మీరు రాస్తేనే...”

“రాయాలంటే చూడాలిగా. పేషెంట్ ఏరీ?”

“పక్క గదిలో సార్.”

మంచం మీద సన్నటి మనిషి, మెడ దాకా దుప్పటి, తలకి స్కార్ఫు. భూతద్దం ఫైల్లోంచి పాత ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు. కోల ముఖం, సన్నటి మెడ. సరిపోయింది. అయినా ముఖాలదేముంది, రోగం సరిపోవాలి.

అతన్ని చూడగానే ఆవిడ మూలుగు మొదలుపెట్టింది.

“ఎక్కడమ్మా నొప్పి?”

ఆవిడ కడుపు మీద చెయ్యేసుకుంది.

“ఫైల్లో రొమ్ము అని ఉంది.”

మూలుగు ఆగింది. “అక్కడ్నుంచి ఇక్కడికొచ్చింది సార్.”

మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు.

“సరే. మందు ఎక్కించాక ఎలా ఉంటుంది?”

పేషెంట్, బొద్దమ్మ టీ పెడుతున్న వంటగది వైపు చూసింది. జవాబు అక్కడ్నుంచే వచ్చింది.

“ఇనుప మేకు చప్పరించినట్టుంటుంది సార్! మంచినీళ్ళు కూడా చేదే. అదయ్యాక ఆకలి మొదలవుద్ది చూడండీ, అలాంటిలాంటి ఆకలి కాదు...”

“నేనడిగింది పేషెంట్‌ని!”

“సారీ సార్!” బొద్దమ్మ గొంతు వెనకాల బిస్కెట్ విరిగిన చప్పుడు.

ట్యూషన్ బాగానే చెప్పారు, స్టూడెంటే మొద్దు అనుకున్నాడు భూతద్దం.

“అక్కాచెల్లెళ్ళు సార్,” మెకానిక్ నవ్వబోయాడు. “ఒకళ్ళకి ఆకలేస్తే ఇంకొకళ్ళు తినేస్తారు.”

“కనబడుతూనే ఉంది, ఎవరు తింటున్నారో.”

మెకానిక్ నవ్వు అక్కడే ఆగిపోయింది.

భూతద్దం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “ఏదీ, సూది గుచ్చిన చోటు చూపించమ్మా.”

దుప్పట్లోంచి చెయ్యి రాలేదు.

“కాలికి గుచ్చారు సార్,” అన్నాడు మెకానిక్. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది.

“కాలే చూపించు.”

రెండు పాదాలు మెల్లగా బయటికొచ్చాయి. నున్నగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ ఇంకా అననేలేదు, మెకానిక్ అప్పుడే భుజాలు తడుముకుంటున్నాడు.

“చాల్లే, లేమ్మా.”

ఆవిడ లేచి కూర్చుంది. మూలగలేదు, ఆయాసపడలేదు. స్కార్ఫు జారి నల్లటి జడ నడుం మీద పడింది. తల దించుకుంది.

దొరికారు. గెలిచినట్టనిపించాలి, కానీ భూతద్దానికి పోయినేడాది పిల్ల గుర్తొచ్చింది.

“రిపోర్టులు ఏ షాపులో చేయించారు?”

అతను పెన్ను తీశాడు.

“సార్, అలా రాయకండి సార్. మీదే ఆఖరి ట్రస్టు. సోమవారం...” మెకానిక్ చేతులు జోడించాడు.

“సోమవారం ఎవరికో నిజంగానే ఇంజెక్షన్ ఉంటుందయ్యా. వాళ్ళ నోటి దగ్గరది లాక్కుంటున్నారు మీరు. ఆడమనిషిని మంచాన పడుకోబెట్టి నాటకాలా? సిగ్గులేదూ?”

“తప్పు బావది కాదు,” మంచం మీదావిడ గొణిగింది. “ఐడియా నాది.”

“సంతోషం. అది కూడా రాస్తాను.”

బొద్దమ్మ టీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది. కప్పు కిందపెట్టి, గోడకి ఆనుకుంది.

“రిపోర్టులు నిజమైనవే సార్, నావి,” అంది బొద్దమ్మ, “మీకంటే ముందొచ్చిన రెండు ట్రస్టుల వాళ్ళూ ఈ మందుల వాపు చూసి ‘ఇంత పుష్టిగా ఉన్నావు, నీకేం రోగమమ్మా’ అని నవ్వేసి వెళ్ళిపోతే, ఈసారి మా చెల్లిని పడుకోబెట్టాం.”