తెల్లబడిన ఆయిలు

"ఇంజన్ దించాల్సిన పని పాపా ఇది. నీ వల్ల కాదు," అన్నాడు చెంగల్రాయుడు, బానెట్‌లోంచి తల బయటకు తీస్తూ.

వల్ల కాదన్న మాట ప్రశాంతికి కొత్త కాదు. మొగుడు గిరిప్రసాద్ గుండెపోటుతో పోయినప్పుడు, పికప్ బండి తోలడం ఆడమనిషి వల్ల కాదన్నారు. లైసెన్సు తెచ్చుకుని, పోయిన కాపుకు తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి మామిడికాయ తోలి చూపించింది. అన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. ఈసారి మొండికేసింది బండే.

పాకాల రోడ్డులో ఆవిరి కక్కుకుని ఆగిపోతే ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఎన్నో వారాలు బతిమాలితే మెకానిక్ చెంగల్రాయుడికి ఇప్పటికి తీరిక దొరికింది. ఇంజన్‌లోంచి ఆయిలు కడ్డీ లాగి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన టీలా ఉంది.

"ఆయిల్లో నీళ్లు కలిసినాయి. నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్‌కెట్ పోయింటే బాగుచెయ్యచ్చు. ఇంజన్ బ్లాకే చీలింటే మాత్రం దాని కత అయిపోయినట్టే."

"గ్యాస్‌కెట్ నేను మారుస్తానన్నా. నీ స్పానర్లు ఈడ పెట్టిపో."

"నువ్వా?"

"ఇంకెవరుండారు నాకు?"

నిజమే, ఇంకెవరున్నారు? ఇంజన్ దించి కట్టించే స్తోమత లేదు. కాయ కోతకొచ్చేలోగా బండి లేవాలి. లేవకపోతే తాను నగరి పోయి పవర్‌లూమ్ షెడ్డులో కూలికి నిలబడాలి. కూతురు మహితను హాస్టల్లో వెయ్యాలి. అత్త సుబ్బులమ్మ శుక్రవారాలు పూలమ్ముకునే తిరుచానూరులోనే ఏ తోటివాళ్ల పంచనో పడుండాలి. ముగ్గురు ఆడవాళ్లు మూడు దిక్కులైపోతారు.

ఫోన్‌లో ఎవరో అరవ మెకానిక్ పాఠాలు దొరికాయి. సగం అర్థమయ్యేది, సగం తోచినట్టు కలుపుకునేది. విప్పిన బోల్టునల్లా వరస తప్పకుండా చాటలో పేర్చుకుంది. చేతులు కోసుకుపోయాయి. గోళ్లలో చేరిన మసి అన్నం తినేటప్పుడు కూడా వదల్లేదు.

సుబ్బులమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చునేది. కోడలు అడిగిన స్పానరు అందించేది.

"లేస్తుందంటావా?" అని మాత్రం అడిగేది.

"సూద్దాం అత్తా."

కొత్త గ్యాస్‌కెట్ వేసింది. తెల్లబడిన ఆయిలు దించేసి కొత్తది పోసింది. తాళం తిప్పగానే బండి రెండు దగ్గులు దగ్గి అందుకుంది. ప్రశాంతికి ఏడుపు ఆగలేదు. సుబ్బులమ్మ బానెట్‌కు పసుపు పూసి బొట్టు పెట్టి, కోడలికీ అదే చేత్తో బొట్టు పెట్టింది. ఆ పూట ఇంట్లో పాయసం వండుకున్నారు.

కాయ ఇంకా దిగలేదు కాబట్టి బండిని రోడ్డెక్కించలేదు. పొద్దున్నే కాసేపు వాకిట్లోనే ఆడించేది. రేడియేటర్ మూత తీసి చూస్తే, నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్క చుక్కా తగ్గలేదు. సంతోషించింది.

వారం తిరిగింది. అలవాటుగా ఆయిలు కడ్డీ లాగింది. తెల్లగా వచ్చింది.

మళ్లీ అంతా విప్పింది. ఇంకో గ్యాస్‌కెట్, ఇంకోసారి ఆయిలు. బోల్టులు బిగించేటప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. బండి మళ్లీ చక్కగా ఆడింది. వారం తిరిగేసరికి మళ్లీ తెల్లబడింది.

చెంగల్రాయుడిని పిలిపించింది.

"రేడియేటర్లో నీళ్లు తగ్గలేదన్నా. మరి ఆయిల్లోకి నీళ్లు యాడ నుంచి వస్తా ఉండాయి?"

ఆయన చాలాసేపు చూశాడు. తట్టి చూశాడు, టార్చి వేసి చూశాడు. ఆయనకూ అంతు చిక్కలేదు.

"కంటికి ఆనని చీలిక యాడో ఉండాది పాపా. బ్లాకు పోయింది. నువ్వు ఇంజన్ మొత్తం విప్పి కట్టినా ఇంతే. ఇంక దాని మీద ఆశ పెట్టుకోవద్దు."

ప్రశాంతి ఆశ వదులుకుంది. వదులుకోవడం తెలియని మనిషి కాబట్టి దానికి ఇంకొన్నాళ్లు పట్టింది, అంతే. ఎదురు తోటల్లో కోతలు మొదలయ్యాయి. వేరేవాళ్ల బండ్లు కాయ నింపుకుని ఇంటి ముందు నుంచే పోతున్నాయి. ఒకరోజు పాతసామాన్ల వాళ్లు వచ్చారు. వాకిట్లోనే గ్యాస్ కట్టర్‌తో ఇంజన్‌తో సహా బండిని కోసి, ముక్కలు లారీలో వేసుకుని పోయారు.

వాకిట్లో నూనె మరక మిగిలింది. ప్రశాంతి మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నాకు పని రాదత్తా. రాని పనిలో చెయ్యి పెట్టి, నీ కొడుకు బండిని నా చేతులారా సంపుకున్నాను."

సుబ్బులమ్మ కోడలి తల ఒళ్లోకి తీసుకుంది.

"నీ తప్పేం లేదమ్మా. నువ్వు సెయ్యాల్సిందంతా సేసినావు. ఆ తల్లికే మన మీద దయ రాలేదు."

చెంగుతో కోడలి కళ్లు తుడుస్తూ అంది:

"బయటికి సెప్తే మొక్కు పలించదని నోరు మూసుకుని, శుక్రవారం శుక్రవారం అమ్మవారి కోనేటి తీర్థం బాటిల్ నిండా తెచ్చి, నువ్వు ఆయిలు పోసే ఆ మూత తిప్పి దాని కడుపులో పోస్తానే ఉండాను గదా."