పేరు కొడితే చాలు

“ఇందులో వెనకటి సంగతులు కూడా ఉంటాయాండీ, లేక ఈ మధ్యవేనా?” అని అడిగారు టీచరుగారు, కంప్యూటర్ తెరకేసి చూస్తూనే.

ఖలీద్‌కి ప్రాణం లేచొచ్చింది. ఏలూరు పవర్‌పేటలో షేర్ల ఆఫీసు తెరిచిన దగ్గర్నుంచి, వచ్చినవాళ్ళందరూ రేపు ఏది పెరుగుతుందనే అడిగారు. తను కష్టపడి రాసుకున్న సాఫ్ట్‌వేర్ గురించి ఇంత సరైన ప్రశ్న వేసిన మనిషి ఈవిడే. తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వచ్చారట, ఇది చూడటానికే.

“చాలా ఏళ్ళవి ఉన్నాయి మేడమ్. డైరెక్టర్లయినా, పెద్ద ఉద్యోగులయినా సొంత కంపెనీ షేర్లు కొన్నా అమ్మినా ఎక్స్ఛేంజీకి చెప్పి తీరాలి. ఇంట్లోవాళ్ళ పేరున కొన్నా అంతే. చెబుతారు కూడా. కాకపోతే అవన్నీ తలోచోటా పడుంటాయి, వెతికే ఓపిక ఎవరికుంటుంది? నా ‘ఆచూకీ’లో మనిషి పేరు కొడితే చాలు. ఎప్పుడు కొన్నాడో, ఎప్పుడు అమ్మాడో వరసగా వచ్చేస్తుంది.”

“పేరు కొడితే చాలా?”

“చాలండీ.”

“చాలా మంచి పని చేశారు బాబూ,” అన్నారావిడ. ఆ మాటకి ఖలీద్ చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే ఆ నిత్యానందం పేరు కొట్టవయ్యా!” అన్నాడు పక్క కుర్చీలోంచి వెంకట్రాజు. ఆక్రమణలంటూ ప్రభుత్వం గట్లు తెగ్గొట్టించాక కొల్లేటి కింద మిగిలిన చేపల చెరువుల్లో కొన్ని ఆయనవే. చేపల మేత చేసే కమలాక్షి ఫీడ్స్ కిందటేడు మూతపడినప్పుడు, ఆ షేర్లు కొన్న రైతులందరితోపాటు ఆయనా మునిగాడు.

“ఎవరండీ ఆయన?” అన్నాడు ఖలీద్.

“ఆ కంపెనీ చీఫ్ అకౌంటెంటు. బంగారంలాంటి కంపెనీ, ధైర్యంగా కొనండని మా చెరువుగట్టు మీద నిలబడి చెప్పాడు. తనవి మాత్రం ముందే అమ్ముకున్నాడంట. చైర్మను బాపిరాజు మావాడే, పెద్దమనిషి. ఆయనే నాతో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నిత్యానందం గుండె ఆగి పోయాడు, బతికిపోయాడు!”

“పోయినవాళ్ళనెందుకు లెండి, రాజుగారూ.”

“ఎందుకా? ఈ ఆదివారం తాడేపల్లిగూడెం చర్చిలో ఆయనకి జ్ఞాపకార్థ కూడికంట. గొప్పవాడని చెప్పుకుంటారంట. మేమూ లారీ కట్టించుకుని వెళ్తున్నాం. ఎంత గొప్పవాడో మైకు లాక్కుని మరీ చెప్పొస్తాం.”

టీచరుగారు ఒళ్ళో గొడుగు సర్దుకున్నారు.

“పేరు కొట్టండి బాబూ. చూశాక వెళ్ళొచ్చు,” అన్నారు.

ఖలీద్ కొట్టాడు. నిత్యానందాలు కొందరు వచ్చారు. కమలాక్షి ఫీడ్స్ ఆయన్ని ఎంచి నొక్కాడు. తెర నిండింది.

“కొనుగోలు... కొనుగోలు... ఇదీ కొనుగోలే.”

“అమ్మకం ఏదయ్యా?”

“ఒక్కటీ లేదండీ. కంపెనీ పడిపోతుంటే కూడా కొంటూనే ఉన్నారు. ట్రేడింగ్ ఆగిపోవడానికి ముందురోజు కూడా కొన్నారు.”

తన సాఫ్ట్‌వేర్ దొంగల్ని పట్టిస్తుందని ఖలీద్ చాలాసార్లు చెప్పుకున్నాడు. నిజాయితీపరుణ్ణి పట్టిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

వెంకట్రాజు అంత తేలిగ్గా వదలలేదు. “తన పేరున ఎవడమ్ముతాడండీ? మా కొల్లేట్లో చెరువొకడిది, కాయితమ్మీద పేరొకడిది. నావే సగం మా ఆవిడ పేరునా, మా బావమరిది పేరునా ఉన్నాయి. ఆయన పెళ్ళాం పేరు కొట్టు!”

“ఆవిడ పేరు తెలియాలి కదండీ?”

“గూడెంలో టీచరంట. అంతవరకే తెలుసు.”

“ప్రసన్నకుమారి,” అన్నారు టీచరుగారు. ఇద్దరూ అటు తిరిగారు. “మా స్కూల్లోనే తెలుగు చెబుతుంది.”

“ఇంతసేపూ చెప్పరేమండీ! ఎలాంటి మనిషండీ? మా డబ్బుతో వడ్డాణం చేయించుకుందా?”

“మామూలు మనిషేనండీ. ఎక్కువ మాట్లాడదు.”

ఖలీద్ ఆ పేరు కొట్టాడు. ఒకటే వరస వచ్చింది. అదే ఆఖరి రోజు, అదీ కొనుగోలే.

“ఆవిడ డబ్బూ పోయిందండీ రాజుగారూ, మీదాంతోపాటే.”

వెంకట్రాజు భుజంమీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“చైర్మన్‌గారి పేరు కూడా చూడండి,” అన్నారు టీచరుగారు.

“మావాడిదెందుకండీ...” వెంకట్రాజు గొంతులో ఇందాకటి జోరు లేదు.

బాపిరాజు పేరున అన్నీ అమ్మకాలే. వెంకట్రాజు చెప్పిన ఆయన భార్య, పిల్లల పేర్లు కొడితే అవీ అమ్మకాలే. నిత్యానందం కొంటూ వచ్చిన నెలల్లోనే బాపిరాజు ఇంటిల్లిపాదీ అమ్ముకుంటూ వచ్చారు.



“నిత్యానందం పిచ్చి మారాజు. నమ్మిందే చెప్పాడు, చెప్పిందే చేశాడు,” అన్నాడు వెంకట్రాజు.

“మరి ఆదివారం లారీ?”

“వెళ్తుందయ్యా. మైకు కూడా అడుగుతాను. నే చెప్పాల్సింది మారింది, అంతే.” తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుంటూ అన్నాడు, “ఆ టీచరమ్మగారికి మాత్రం మొహం ఎలా చూపించనో తెలీడంలేదు.”

టీచరుగారు ఖలీద్ వైపు తిరిగారు. “ఆయన పేరు మళ్ళీ ఒకసారి తెస్తారా బాబూ?”

ఖలీద్ తెచ్చాడు. ఆవిడ మొదటి వరస నుంచి ఆఖరిదాకా నిదానంగా చదివారు. అతను మూసేయబోతే, “ఇంకాసేపు ఉండనివ్వండి,” అన్నారు.

ఆ శ్రద్ధ చూసి ఖలీద్ మురిసిపోయాడు. “మేడమ్, దీని విలువ తెలిసినవారు మీరే. మొదటి కాపీ మీకు ఊరికే ఇస్తాను. తెరవగానే మీ పేరు కనబడేలా పెడతాను. ఏం పేరండీ?”

ఆవిడ గొడుగు పట్టుకుని లేచారు.

“ప్రసన్నకుమారి.”