ఒక్క రింగు

తెల్లారేసరికి ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. వాన కురవదు, ఎండ కాయదు. ఏదీ తేల్చదు.

మేడ మీద గదిలో ఆవిడ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఎదురుగా భర్త. మూలన ల్యాప్‌టాప్ వెనక తమ్ముడు. కంపెనీ అంటే ఆ ముగ్గురే. దుకాణాల్లో బిల్లులు వేసే పెద్ద సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న యాప్ ఒకటి చేశారు. తమ్ముడు రాశాడు, బావ పేరు పెట్టాడు, అమ్మే పని ఆవిడ నెత్తిన పడింది. కింద జిరాక్స్ షాపాయన వాళ్ళని ‘తోక కంపెనీ’ అంటాడు.

నెల్లాళ్ళు ఉచితం అని నెట్‌లో పెడితే వీధులకి వీధులే తగిలించుకున్నాయి. ఆ వారమంతా ముగ్గురి కాళ్ళూ నేల మీద ఆనలేదు. ఇవాళ్టితో గడువు ఆఖరు. ఒక్కరైనా కొంటే సరే. లేదంటే సాయంత్రం గది ఖాళీ చెయ్యాలి. తమ్ముడు వేరే ఊళ్ళో ఉద్యోగానికి పోతాడు.

ఆవిడ మందుల షాపుకి చేసింది. ఒక్క రింగు. టక్కున కట్.

“నా గొంతు వింటేనే పారిపోతున్నారండీ.”

“వినడానికి ఎత్తితే కదా!” అంటూ భర్త తన ఫోన్ తీశాడు. ఒక్క రింగు. టక్కున కట్. మెయిళ్ళ సంగతీ అంతే, బావిలో రాయేసినట్టు.

“ఒరే, అసలు యాప్ పనిచేస్తోందా?” అందావిడ తమ్ముడితో.

తమ్ముడికి పౌరుషం వచ్చింది. ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. “చూడక్కా. పని చేసినప్పుడల్లా ఒక పచ్చ చుక్క. మందుల షాపులో ఇప్పుడే రెండుసార్లు చేసింది. ఇంకేం కావాలి?”

ఆవిడ లేచి చెప్పులేసుకుంది.

“ఎక్కడికి?”

“టైల్స్ షాపుకి. మొహం చూశాకైనా మాట్లాడకపోతాడా?”

“సాఫ్ట్‌వేర్ వాళ్ళం వీధులు తిరిగితే ఏం బావుంటుందే?”

“తాళాలేసుకుని పోతే బావుంటుందా?”

టైల్స్ షాపు యజమాని దుమ్ము దులుపుతున్నవాడల్లా గుడ్డ పక్కన పడేసి కుర్చీ చూపించాడు.

“మీరేనా తల్లీ! ఆ యాప్ పెట్టుకున్నాక ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. కొందామని ఎదురుచూశాను. ఒక్కరూ పత్తా లేరు. దుకాణం కట్టేశారనుకున్నా.”

“అయ్యో, రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను కదండీ!”

“నాకా? ఒక్కటీ రాలేదమ్మా.”

ఆవిడ తన ఫోన్ చూపించింది. వరసగా ఆయన నంబరే. ఆయన తన ఫోన్ చూపించాడు. అందులో ఈవిడ జాడే లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“పోనీ, ఇప్పుడు తీసుకోండి బాబాయిగారూ.”

ఆయన గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “నిన్ననే ఇంకో కంపెనీ మనిషి సైకిలేసుకుని స్వయంగా వచ్చాడమ్మా. అచ్చం మీలాంటిదే. వీధంతా అతని దగ్గరే తీసుకున్నారు. ఒక్కరోజు ముందు రాకపోయావా?”

ఆవిడ లేచి వచ్చిన దారినే తిరిగొచ్చింది. ఆకాశం ఇంకా అలాగే ఉంది.

గదిలో జరిగింది చెప్పింది. “ఫోనే రాలేదన్నాడా?” అని అడిగాడు తమ్ముడు. “ఒక్కటీ రాలేదన్నాడు” అందావిడ.

తమ్ముడు మెల్లిగా ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. టకటకా ఏదో వెతికాడు. వేళ్ళు ఆగిపోయాయి.

“అక్కా, మన నంబరు...” అన్నాడు. మిగతా మాట మింగేశాడు. మూత మూసేశాడు.

ఆవిడ క్యారియర్ విప్పి ముగ్గురికీ వడ్డించింది. కిందనుంచి జిరాక్స్ మిషన్ చప్పుడు. ముగ్గురూ తలలు దించుకుని తిన్నారు.

ఏదో ఒకటి అమ్మజూపేవాళ్ళ ఫోన్లనీ మెయిళ్ళనీ దుకాణదారు దాకా పోనివ్వకుండా ఒక్క రింగుతో తుంచెయ్యడమే ఆ యాప్ పని.