ఎనుమాముల నవ్వు

హన్మకొండలో స్రవంతి ఫొటోల ప్రదర్శన మొదలైన రోజే సారంగపాణి వెళ్లాడు, తప్పులు వెతకడానికి.

నాలుగేళ్ల కిందటి దాకా ఆమె అతని స్టూడియోలో పనిచేసింది. కెమెరా పట్టుకోవడం నేర్పింది అతనే. ఇప్పుడు ఆమె ఫొటోల ముందు జనం నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. అతని స్టూడియోకు పాస్‌పోర్ట్ ఫొటో కోసం కూడా ఎవరూ రావడం లేదు.

"దీంట్ల లైటింగ్ ఎక్కువైంది" అన్నాడు పక్కాయనతో. ఆయన వినిపించుకోలేదు.

చివరి గోడ దగ్గర జనం గుంపుగా ఉన్నారు. బహుమతి వచ్చిన ఫొటో అదేనట. సారంగపాణి అందరినీ తోసుకుంటూ ముందుకు వెళ్లి, ఆగిపోయాడు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి కుప్ప ముందు అతని భార్య. స్టూడియో నడవక, ఆమె రోజూ అక్కడికి తొడిమలు తీసే కూలికి పోతోంది. ఫొటోలో తల వెనక్కి వాల్చి, కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వుతోంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ నవ్వు అతను చూడలేదు.

స్రవంతి వచ్చి పక్కన నిలబడింది.

"ముందుగాల్నే చెప్దామనుకున్న అన్నా. వదినే వద్దన్నది."

బహుమతి సంగతి అతనికి గుర్తే లేదు. ఆ నవ్వు ఈ పిల్లకు దక్కిందని కడుపు మండిపోయింది.

"ఏం చెప్పి నవ్విచ్చినవ్?"

స్రవంతి తటపటాయించింది.

"నేనేం చెప్పలే అన్నా. జర ఇటు చూడు వదినా, ఫొటో తీస్త అన్న. 'ఫొటోగ్రాఫర్ పెండ్లాన్ని, పెండ్లయినంక ఫొటో దిగుడు ఇదే మొదలు' అని తనే నవ్వింది."