ఆకుపచ్చ సైకిలు బేరం

సైకిలు జాతకం చెప్పడంలో క్రైస్ట్‌చర్చ్ ఊరు మొత్తానికి రేవిని మించినవాడు లేడు.

హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే చాలు, అది ఎన్ని చేతులు మారిందో, ఏ గుంటలో పడి లేచిందో గడగడా చెప్పేస్తాడు.

అంతటివాడు ఆ ఆదివారం సంతలో ఒక పాత ఆకుపచ్చ హైబ్రిడ్ సైకిలు ముందు నిలబడి తల గోక్కుంటున్నాడు.

అవసరం అలాంటిది. కారు మూలపడింది. బేకరీలో తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి, ఆ వేళకు బస్సు లేదు. "ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు" అని యజమానురాలు చెప్పేసింది.

రేసు సైకిలు కొందామంటే భూకంపం తిన్న రోడ్లు దాని సన్న చక్రాల్ని నమిలేస్తాయి. కొండలెక్కే సైకిలు మరీ బరువు. రెంటికీ మధ్యస్థంగా దొరికింది ఇదొక్కటే.

దాని హ్యాండిల్‌ని అప్పటికే ఒక ముసలామె పట్టుకుని ఉంది.

"ఇది నీకెక్కడిదయ్యా?" అని అమ్మేవాణ్ణి అడుగుతోంది.

"ఎవరో అమ్మారు, నేను కొన్నాను. ఇప్పుడు నేను అమ్ముతాను, ఇంకెవరో కొంటారు. లోకం అలా తిరుగుతుందమ్మా," అన్నాడు అమ్మే డెస్మండ్.

ఆమె నవ్వలేదు. రేవి వైపు తిరిగింది.

"మూడో గేరులో మూలుగుతుంది. వానలో వెనక బ్రేకు మొండికేస్తుంది. సీటు కరుస్తుంది."

రేవి లోలోపల నవ్వుకున్నాడు. సరుకును తిట్టేవాళ్ళే దాన్ని కొనేవాళ్ళని సంతలో అందరికీ తెలుసు. పక్కవాణ్ణి తరమడానికే ఆ తిట్లు.

"తొక్కి చూస్తాను," అన్నాడు.

"ఒక బూటు ఇక్కడ వదిలి వెళ్ళు," అన్నాడు డెస్మండ్. "ఒంటి బూటుతో ఎవడూ పారిపోడు."

రేవి ఒక కాలికి బూటుతో, ఒక కాలికి చిల్లుల మేజోడుతో సంత చుట్టి వచ్చాడు. మూడో గేరు మూలిగింది. ముసలామె ముందే తొక్కి చూసుంటుందనుకున్నాడు.

ఇంతకీ మొదట్లో ఏదో గొప్పకు చెప్పాను గానీ, రేవికి తెలిసిన పరీక్ష ఒకటే: టైరు నొక్కి "ఊఁ" అనడం. అంతకుముందు అతను ఏరికోరి కొన్న సైకిలు ఇల్లు చేరకముందే రెండు ముక్కలైంది. ముందు ముక్క అతనికంటే ముందే ఇల్లు చేరిందని చెప్పుకుంటారు.

టైరు నొక్కాడు. "ఊఁ," అన్నాడు.

ముసలామె మళ్ళీ హ్యాండిల్ పట్టుకుంది.

"ఆంటీ, కొంటారా, వదులుతారా?"

"నీకెందుకు నాయనా సైకిలు? సరదాకా?"

"సరదానా! ఇది దొరక్కపోతే రేపు నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో నలుగురున్నారు. బేకరీ పొయ్యి దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళమంటారా?"

ఆమె కాసేపు అతని ఒంటి బూటు వైపు చూసింది. మెల్లగా చెయ్యి వదిలేసింది.

"ఎంత చెబుతున్నావయ్యా?" అంది డెస్మండ్‌తో.

"రెండు వందల డాలర్లు."

"ఈ తుక్కుకా! సగానికియ్యి."

"అమ్మా, కొనేది అతను, అమ్మేది నేను. మధ్యలో మీ సొమ్మేం పోయింది?"

ఆ మాటకు ఆమె పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది.

"ఏం పోలేదులే. సగానికియ్యి. లేకపోతే మూడో గేరు సంగతి సంతంతా చాటింపు వేస్తాను."

డెస్మండ్ గొణుక్కుంటూ ఇచ్చాడు.

రేవికి సంతోషం కన్నా అనుమానమే ఎక్కువైంది. "ఇందులో మీ కమీషన్ ఎంత ఆంటీ?"

"నాకేం వద్దు. ఎక్కేటప్పుడు కుడికాలు ముందు వెయ్యి, దానికి అలవాటు. ముందు బుట్టలో గుడ్లు పెట్టకు, పగులుతాయి."

"బుట్టా? దీనికి బుట్టే లేదు కదా!"

"అవును కదూ," అంది ఆమె. "లేదు."

అప్పుడే వాన మొదలైంది. ఆమె తలమీదికి కోటు లాక్కుని, నది పక్క దారిన నడిచి వెళ్ళిపోయింది. రేవి గంట కొడుతూ ఆమెను దాటిపోయాడు. ముసలామెను ఓడించి సరుకు గెలిచానని ఇంట్లో చెప్పుకున్నాడు.

ఆ తర్వాత బేకరీకి ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం నది అవతల చేపలు వేయించే దుకాణం ముందు సైకిలు ఆపాడు. కొట్టామె లినెట్ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"ఇది ఈనిడ్ సైకిలు కాదూ? నీ దగ్గరుందేం?"

"ఈనిడ్ ఎవరు?"

"మా వీధి ఆవిడే. చలికాలంలో లైబ్రరీ ముందునుంచి ఈ సైకిల్ని ఎవడో ఎత్తుకుపోయాడు, బుట్టతో సహా. పాపం, వారం వారం సంతలన్నీ గాలించింది. ఒకరోజు వచ్చి, దొరికింది, ఇక వెతకనంది. ఏదీ, ఎక్కడంటే చూపించలేదు. మంచి చోటే ఉంది, రొట్టెలు కాల్చడానికి వెళ్తోందంది. నేనేదో హాస్యమనుకున్నాను."

"ఆవిడ ఇల్లెక్కడ?" అన్నాడు రేవి.

"ఖాళీ చేసిందిగా. పోయిన వారమే పడమటి తీరానికి, తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏ ఊరో చెప్పలేదు."

లినెట్ పొట్లం కట్టిచ్చిన చేపలు రేవి చేతిలోనే చల్లారిపోయాయి. తన సొంత సైకిలును ఇంకొకరికి చవగ్గా ఇప్పించడానికి నిలబడి బేరమాడిన మనిషినా, అతను కమీషన్ ఎంతని అడిగింది!

ఇందులో నేను కలిపింది వాన ఒక్కటే. నిజానికి ఆ రోజు చక్కగా ఎండ కాసింది. ఆమె నడిచి వెళ్ళడం మాత్రం నేను కలిపింది కాదు.