ఊదా అద్దం

"ముక్కు అద్దానికి ఆనించకండి కురిమోతో గారూ! పొద్దుణ్ణించీ తుడవలేక చస్తున్నా," అన్నాడు నిషివాకి.

కురిమోతో ముక్కు అక్కణ్ణించి కదల్లేదు.

ఒసాకా నిప్పోంబాషి వీధిలో నిషివాకి కొట్టు నిండా అద్దాల గూళ్ళే. అద్దె కట్టి ఎవరైనా తమ బొమ్మల్ని వాటిలో అమ్మకానికి పెట్టుకోవచ్చు. నలభై ఏడో గూట్లో ఆ వేళ నల్లని హయాకాజే ఒకటి వెలిసింది. మడిస్తే జెట్ విమానం, విప్పితే మరమనిషి. చిన్నప్పుడు ఎంత ఏడ్చినా కురిమోతోకి వాళ్ళ నాన్న కొనిపెట్టని బొమ్మ. కంపెనీవాళ్ళు ఈమధ్య పాత అచ్చులు బయటికి తీసి మళ్ళీ తయారుచేస్తే, బట్టతల వచ్చాక నీలం, ఎరుపు, నలుపు వరసగా కొని ఆ ఏడుపు తీర్చుకున్నాడు.

కానీ ఈ నల్లదానికి పైలట్ గది అద్దం పసుపు కాదు, ఊదా.

"ఫ్యాక్టరీలో పొరపాటున ఏవో కొన్ని పెట్టెల్లో పడ్డాయంటారే... అదేనా?" కురిమోతో గొంతు గుసగుసలోకి దిగింది.

"అదే. మీ దగ్గర నల్లవి మూడుండాలే?"

"చూసుకోడానికొకటి, దాచుకోడానికొకటి, పంచడానికొకటి. చూసుకునేది పసుపే. పంచింది మా బావమరిదికిచ్చా, అదీ పసుపే."

"మరి దాచింది?"

"దాని టేపు తీస్తేగా తెలిసేది!"

"తీసి చూడండి. అందులోనూ ఊదా ఉందేమో."

కురిమోతో అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏం మాటలయ్యా అవి? విప్పితే ఇంక దాచిందెలా అవుతుంది?"

నిషివాకి తప్పయిపోయిందన్నట్టు తల వంచాడు. ఆ వీధిలో దీన్ని ఎవరూ చాదస్తం అనరు.

బొమ్మ వెనక దాని అట్టపెట్టె కూడా ఉంది. టేపును బ్లేడుతో ఎంత నేర్పుగా కోశారంటే, అట్ట మీద గీత కూడా పడలేదు. "ఎవరో మహానుభావుడు! చెయ్యి చూడు, ఎంత ఒద్దికో. ఎవరాయన?" అన్నాడు కురిమోతో.

"గూళ్ళవాళ్ళ పేర్లు చెప్పం. ఇంకోమాట. సావామురా గారు ఫోన్ చేశారు. సాయంత్రం ఆఫీసయ్యాక వస్తారట."

కురిమోతో గడియారం చూసుకున్నాడు. సావామురా వాళ్ళ బొమ్మల సంఘంలోనివాడే. ఊదా అద్దం గనక అతని చేతిలో పడిందంటే బతికినంతకాలం ఆ గొప్పలు వినాలి.

"నాకోసం పక్కన పెట్టు."

"పక్కన పెట్టడాల్లేవు. ముందొచ్చినవాళ్ళదే."

బయటికొచ్చి భార్య ఇకుయోకి ఫోన్ చేశాడు. జీతం మొత్తం ఆవిడ చేతికే వెళుతుంది. ఆవిడ తీసిచ్చే చేతిఖర్చుతోనే అతని విమానాలు ఎగరాలి.

"వచ్చే నెల చేతిఖర్చు ముందే ఇస్తావా?"

"విమానమా?"

"నల్లది."

"నల్లది ఉందిగా!"

"దీని అద్దం ఊదా."

"మీ కళ్ళజోడు అద్దాలు మార్చుకోమంటే డబ్బుల్లేవు గానీ, దాని అద్దానికున్నాయా? అరిమా వేణ్ణీళ్ళ ఊటలకి తీసుకెళ్ళమన్నప్పుడు ఏమన్నారు?"

"వచ్చే ఏడు చూద్దామన్నా."

"ఊదా అద్దం కూడా వచ్చే ఏడు చూద్దాం." ఠక్కున పెట్టేసింది.

కురిమోతో ఫోన్ జేబులో పడేసి ఆఫీసుకి నడిచాడు. ఆఫీసులో అతని సొరుగు అడుగున ఒక కవరుంది. బోనసు వచ్చినప్పుడల్లా భార్యకి తెలియకుండా కాస్త కాస్త నొక్కి దాచిన డబ్బు. ఎక్కడో ఏదో దాచాడని ఇకుయోకి అనుమానమే గానీ, ఇల్లంతా గాలించినా దొరకలేదు. ఆఫీసు సొరుగు దాకా ఆవిడ చెయ్యి ఎలా వెళుతుంది? ఇన్నేళ్ళూ ఆ కవరు ముట్టుకోలేదు. ఈ వేళ మధ్యాహ్నం భోజనం మానేసి, దాన్ని కోటు జేబులో కుక్కుకుని కొట్టుకి పరిగెత్తాడు.

సావామురా వచ్చేసరికి గూడు ఖాళీ. ఆ మొహం చూడ్డం కోసమే కురిమోతో సాయంత్రం మళ్ళీ వెళ్ళి అక్కడ కాచుక్కూర్చున్నాడు. అంత సుఖం అతను ఈమధ్య ఎరగడు.

ఇంటికొచ్చాక మాత్రం భయం పట్టుకుంది. దాచేద్దామంటే కుదరదు. తనేమో నడుం నొప్పి మనిషి, పై అరలో పెట్టెలు సర్దేది ఎప్పుడూ ఇకుయోనే.

"డబ్బెక్కడిది?" అంది ఆవిడ, పెనం మీద అట్టు తిరగేస్తూ.

"కొట్టువాడు... దాదాపు ఊరికే ఇచ్చేశాడు."

"పాపం, ఎంత మంచివాడో!" ఇకుయో పకపకా నవ్వింది. కోపమే లేదు. అట్టు అతని పళ్ళెంలో వేస్తూ, "శనివారం అరిమా వెళదాం. గది తీసుకున్నా. ఖర్చంతా నాది," అంది.

"నీకెక్కడిది?"

"ఊరికే వచ్చేవి మీకొక్కరికేనా?"

కురిమోతో అట్టు తుంచబోయి ఆగాడు. తను దొంగచాటుగా బొమ్మ కొనుక్కుంటే, ఈవిడ పైసా పైసా కూడబెట్టి తనని ఊటలకి తీసుకెళుతోంది! సిగ్గేసింది. ఇకనుంచి బోనసంతా ఆవిడ చేతిలోనే పెట్టాలని అప్పటికప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

భోజనమయ్యాక బొమ్మని తనివితీరా మడిచాడు, విప్పాడు. వెలుతురు తగిలితే ఊదా వెలిసిపోతుందని మళ్ళీ అట్టపెట్టెలో సర్ది భార్యకి అందించాడు.

"ఆ టేపు తియ్యని నల్లదాని పక్కనే పెట్టు. జాగ్రత్త సుమా!"

"అలాగే లెండి," అంటూ ఇకుయో స్టూలెక్కి పై అర తలుపు తీసింది.

కిందటి నెల తను అక్కణ్ణించి తీసిన పెట్టెను మళ్ళీ దాని చోట్లోనే పెట్టేసింది.