సభ్యుడి పేరు

“గల్లంతైనోళ్ల ఫారం సంఘం సభ్యులకే తెరుసుకుంటాదత్తా. మావ పేరు సెప్పు,” అంది మత్స్యకార సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న హేమలత.

నూకమ్మ మొగుడు సముద్రం మీద వేటకెళ్లి పన్నెండు రోజులు. తెప్ప ఒక్కటే బారువ ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

“మా పెద్దోడి అయ్య.”

“అలాగంటే తెరుసుకోదు. కార్డు మీదున్న పేరు కావాల.”

“కార్డు ఆయన జేబులోనే ఉండిపోనాది.”

“మరి నోటితో సెప్పు.”

ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ పేరు ఆమె పలకలేదు. పలికితే మొగుడికి ఆయుస్సు తగ్గుతుందని తల్లి చెప్పింది.

“గున్నయ్య.”

హేమలత టైపు చేసింది. ‘స్వాగతం, గున్నయ్య గారూ’ అంటూ ఫారం తెరుచుకుంది.

“ఏ రోజు నుంచి లేడని రాయమంటావు?”

నూకమ్మ తెరవైపే చూస్తోంది.

“ఇయాల్టి నుంచి రాయమ్మా.”